రూటు కాగితంలో లేని స్టాపు

బడి బస్సు నడుపుతాను, దక్షిణ న్యూజిలాండ్‌లో,
మనుషులకన్నా గొర్రెలెక్కువున్న ఊళ్లో.
అద్దంలో పిల్లల నడినెత్తులు కనిపిస్తాయి.
ఇళ్లలో ఏం జరిగితే నాకేమనుకున్నాను,
రెండేళ్లు.

మంగళవారం రాత్రి ఫైరింజను పక్కన
ప్లాస్టిక్ కుర్చీల్లో ఏడుగురం.
పశువుల డాక్టరు ఫెనెల్లా గొంతు సవరించుకుంది:
"ఆ కుక్కకి పక్కటెముక విరగడం ఇది రెండోసారి.
గొర్రె తన్నిందట."
"డిసెంబరు ఎండల్లో పొడుగు చేతుల స్వెటరు,"
మందుల షాపు ఇహాయా టోపీని వేళ్లమధ్య తిప్పుతున్నాడు.
నా వంతు వచ్చింది.
"చిన్నది బస్సు దిగదు.
స్టాపు వచ్చాక కూడా బూటు లేసు కడుతూనే ఉంటుంది."

ఎవరి ముక్క వాళ్ల జేబులో ఉన్నన్నాళ్లూ
వట్టి అనుమానం.
బల్లమీద పరిస్తే
ఒక ఇల్లు.

ఇహాయా లేచి నిలబడ్డాడు, ఇప్పుడే వెళ్దామని.
"కూర్చో," అంది మెరేయానా,
"నీ ఆవేశానికి దెబ్బలు తినేది ఆమె.
ముందు ఆమెనడగాలి. తలుపు ఆమెది."

అడిగింది జుట్టు కత్తిరించే డోర్కస్,
డ్రయ్యర్ హోరు చాటున.
జవాబు మూడోసారికి గాని రాలేదు.
అతని దగ్గరికి హోహెపా వెళ్లాడు,
రగ్బీలో అతని భుజానికి భుజమానించి నెట్టినవాడు.
తిట్టలేదు. వెనకేసుకు రాలేదు.
పోలీసు స్టేషనుదాకా కారు తనే నడిపాడు.

ఇప్పుడు బస్సు మెరేయానా చెల్లెలి ఇంటి ముందు ఆగుతుంది,
రూటు కాగితంలో లేని స్టాపు.
నిన్న లేసులు ఊడిపోయి ఉండగానే దూకేసింది పిల్ల.
కుంటి కుక్క గేటు దాకా ఎదురొచ్చింది.

చేయి ఊపి గేరు మార్చాను.
వెనక సీట్లన్నీ ఖాళీ.
ఆ రెండేళ్లు మాత్రం
ఇంకా దిగలేదు.