రెండు నిమిషాలు

నిజ్వా షోరూముల, ఏసీ కింద
రెండు పికప్‌లు, రెండూ తెల్లయే.
అర్బాబ్ హమూద్ నా దిక్కు తిరిగి
"ఏది తీసుకుందాం?" అన్నడు.
పదకొండేండ్లల్ల నన్నొక మాటడుగుడు ఇదే మొదలు.

పొద్దుగాల గడ్డి మోపులు, పగటీలి మేకలు,
గుట్ట మీది దానిమ్మ తోటలకు నీళ్ల ట్యాంకు.
ఆ ఎక్కుడు నాకు గాక ఎవనికెరుక?
మూడో మలుపు కాడ గాలి పల్చబడ్తది.
సాదా ఇంజను ఆడ రొప్పుతది,
దొరికిన గాలే తాగుతది, అబద్ధమాడది.
టర్బో అట్ల గాదు.
ఇడిసిన పొగతోనే చక్రం తిప్పి
మల్లొక్క ఊపిరి గుంజుకుంటది.
కాలు తొక్కినంక ఒక్క క్షణం ఆలోచన జేసి
అప్పుడు ఉరుకుతది.

గ్యారేజీ రాజేశం ముందే జెప్పిండు:
"టర్బో బండిని టక్కున బంద్ జేయొద్దు తమ్మీ,
రెండు నిమిషాలు ఊకె నడువనియ్యాలె.
లోపల ఎర్రగ కాలి ఉంటది.
చల్లారకముందే ఆపితే నూనె మాడి బేరింగు పోతది.
పోయిందనుకో, నీ నాలుగు నెల్ల జీతం."

రెండు నిమిషాలు.
గుట్ట దిగినంక నాకెవడిచ్చిండు?
తాళంచెయ్యి తియ్యకముందే ఫోను మోగుతది:
యాడున్నవ్, ఎంతసేపు, ఇంకో ట్రిప్పు.

సేల్సు పిలగాడు షిబిన్, మలయాళీ,
ఎన్ని గుర్రాల బలమో అరబ్బీల చెప్తున్నడు.
అర్బాబ్ నన్నే చూస్తున్నడు.
కాలు తొక్కినంక ఆ ఒక్క క్షణం.

"టర్బో," అన్న.
"గని కాయితం మీద రాయుండ్రి,
బండి ఆపే ముందట రెండు నిమిషాలు
నేను అండ్లనే కూసుంట."

నవ్విండు. రాయలే.
అయినా ఇప్పుడు గుట్ట దిగినంక
ఇంజను కోసమని ఫోను ఆగుతది.
నేను దానిమ్మ ఒలుస్త.