నీళ్ళ వాసన

డిసెంబర్ సగం దాటినంక
హైదరాబాద్ గాలికి నాలుక ఎండుతది.
మోకాలు మీద గోరుతోని గీస్తే
తెల్లగ పేరు రాసుకోవచ్చు.
వానకాలమంత భుజంతోని నూకితే గాని మూతపడని తలుపు
ఇప్పుడు చిక్కిపోయి
ఉత్త గాలికే కొట్టుకుంటది.

గిటార్ గూడ చెక్కనే గదా,
నాకు ఆ సోయి లేకపాయె.

ఎర్రగడ్డ సంతల కొన్న దాన్ని.
పాత మిక్సీలకు, కుట్టుమిషన్ కాళ్ళకు నడుమ
బోర్ల పండుకొని ఉండె.
పదిహేడు వందలని పదకొండుకిచ్చిండు,
ఒక తీగె తక్కువ.
క్యాలెండర్ పక్కన మొల కొట్టి తగిలేసిన,
ఎండ పడే దిక్కు.

మొదలు తెలిసింది నా చూపుడువేలికి.
మెడ పొంటి చెయ్యి జార్చుకుంట పోతే
మెట్ల కొసలు గుచ్చినయి,
చేపను ఎదురు నిమిరినట్టు.
చెక్క లోపలికి గుంజుకపోయింది,
ఇనుము మాత్రం ఉన్నంతనే ఉన్నది.

మోండా మార్కెట్ ఎనక
హార్మోనియంలు బాగుచేసే జకరయ్య
దాన్ని ఒళ్ళె పండవెట్టుకొని
కడుపుల టార్చి ఏసిండు.
"ఇగో, ఈడ."
వంతెన కింద వెంట్రుకంత గీత.
గా గీతలకెల్లి ఎలుగు బయటికొచ్చింది.

"తడిగుడ్డతోని తుడువాల్నా?" అన్న.
"పిచ్చిదానా,
చెక్కకు నీళ్ళు తాపొద్దు.
నీళ్ళ వాసన చూపియ్యి."
జిగురుకు ఎనభై తీసుకున్నడు,
మాటకేం తీసుకోలే.

గులాబి రంగు సబ్బుడబ్బాకు
సూది కాల్చి తూట్లు పొడిసిన.
గిన్నెలు తోమే స్పాంజి, కొత్తది, సగం కోసి,
ముంచి, ఒక్క చుక్క రాలనంత దాక పిండి,
స్పాంజి డబ్బాల, డబ్బా పెట్టెల,
పెట్టె మంచం కింద.
బోరు నీళ్ళు కాదు, ఉప్పు పేరుకుంటది;
కాచి చల్లార్చినయి.
తేమ చూపే చిన్న గడియారం గూడ కొన్న.
ముప్ఫై ఒకటి అన్నది మొదటి రోజు.

నవ్వొచ్చింది నాకు.
మా వార్డుల రాత్రంత గిదే పని.
ఆక్సిజన్‌ను ఉత్తగ పంపియ్యరు మనిషికి.
గోడకెల్లి వచ్చే గాలి సున్నమోలె పొడిగుంటది,
సీసాల నీళ్ళల్ల మునిగి, బుడగలై లేచి,
గప్పుడు ముక్కులకు పోతది.
గా నీళ్ళు గీత కిందికి దిగకుండ చూసుడు
ఎనిమిదేండ్ల సంది నా నౌకరి.
ఇంట్ల మాత్రం గోడకు
దమ్మెండుతున్నదాన్ని తగిలేసి పోతున్న.

పదకొండో మంచం సాయన్న
ఇరవై ఏండ్లు షాబాద్ బండలు కోసిండు.
"సిస్టరమ్మా, గా గుడగుడ ఏంది?
నాకు గాని హుక్కా పెట్టిన్రా?"
ఇద్దరం నవ్వినం.
ఆయనకు నవ్వు దగ్గయింది,
దగ్గు చానసేపు ఉన్నది.

జనవరిల రెండు రాత్రులు, నడుమ పగలు,
వరుసగ డ్యూటీ పడ్డది.
రెండో రాత్రి పదకొండో మంచం మీద
కొత్త మనిషి.
ఇంటికి పోయిండా అని ఎవ్వరినీ అడగలే.
సీసా విప్పి, కడిగి,
గీత దాక నింపి, బిగిచ్చిన.
బుడగలు మొదలైనయి.

తెల్లారి పెట్టె తెరిస్తే
స్పాంజి అప్పడం లెక్క గట్టిగున్నది.
ఇరవై తొమ్మిది.
తప్పు చేసిన పిల్లోలె
చెప్పులు గూడ ఇడవకుండ
నీళ్ళు కాచనీకె పొయ్యి ముట్టిచ్చిన.
నీళ్ళు చల్లారే దాక ఆడనే నిలబడ్డ,
ఊదుకుంట.

ఇప్పుడు నలభై నాలుగు.
గీత పోలే, జిగురు కింద ఉన్నది;
మూడో తీగె మీటితే
జర ముక్కుతోని మాట్లాడుతది.
పొద్దుగాల పండుకునే ముందు
పక్కింటి పిల్ల చదువుకుంటదని వాయించ.
తెరిచి, మెడ పొంటి
ఒక్కసారి చెయ్యి జారుస్త.

రెండు కాడ గుచ్చింది.
నిన్న మూడు.