ఉత్తరం

తెల్లవారుజాము నాలుగుంబావు.
సాలినా క్రూస్ రేవులో రేడియో గదికి ఒకటే కిటికీ.
ఆకాశం తోమి బోర్లించిన పళ్ళెంలా ఉంది.
ఒక్క మబ్బు లేదు. ఉంటే బాగుండును,
మబ్బుంటే జనం నమ్ముతారు.

ఒబ్దూలియా గొంతు సవరించుకుని చదువుతుంది:
"తెహువాంతెపెక్ అఖాతం. ఉత్తరపు గాలి.
మధ్యాహ్నానికి ముప్ఫై అయిదు నాట్లు,
రాత్రికి యాభై, విసురుల్లో ఇంకా ఎక్కువ.
అల ఎత్తు అయిదు మీటర్లు.
చూపు మేర: నిర్మలం."

నిర్మలం దగ్గర
ప్రతిసారీ ఆమె నాలుక తడబడుతుంది.

అక్కడెక్కడో ఇంకో సముద్రం మీద
చలి పేరుకుని పేరుకుని
కొండల వెనక నిలబడి ఉంటుంది,
టిక్కెట్ల కిటికీ తెరవని చోట జనంలా.
చివేలా కనుమ దగ్గర కొండలు
భుజాలు కాస్త దించుతాయి.
అంతే,
తొక్కిసలాట.
లా వెంతోసా రోడ్డు మీద ఖాళీ లారీలు
పక్కకి ఒరిగి పడుకుంటాయి.
ఇసుక గోడల రంగు గోకి తింటుంది.
ఆ తర్వాత నేల అయిపోతుంది.
గాలికి ఇక ఎదురు చెప్పేవాడు లేడు.

సాన్ మాతేవోలో అమ్మమ్మ అనేది:
దక్షిణపు గాలి ఆడది, రొయ్యల్ని చంకనెత్తుకుని వస్తుంది.
ఉత్తరపు గాలి మగాడు,
తలుపు తట్టడు, తలుపే పట్టుకుపోతాడు.
అమ్మమ్మకి మిల్లీబార్లు తెలీవు.
మొక్కజొన్న రొట్టె విరిగే చప్పుడు విని
రెండు రోజుల ముందే వలలు మడిపించేది.
ఒబ్దూలియాకి మిల్లీబార్లు తెలుసు.
రొట్టె ఎలా విరిగితే గాలో
అడిగి ఉంచుకోలేదు.

బయట పడవలు పదకొండు.
పది జవాబిచ్చాయి.
పదకొండోది ఎర్మీలోది.
నలభై గుర్రాల ఇంజను,
పదమూడే బతికున్నాయని తనే నవ్వుతాడు.
నిన్న సాయంత్రం ఐసు పెట్టెలు ఎత్తుతూ
"అక్కా, ఆ ఆకాశం చూడు!
ముందు మీ కాగితానికి కళ్ళజోడు పెట్టించు" అన్నాడు.

బులెటిన్‌లో పేర్లు ఉండకూడదు. నియమం.
అక్షాంశాలు ఉండొచ్చు, రేఖాంశాలు ఉండొచ్చు,
"చిన్న పడవలు తగు జాగ్రత్త వహించవలెను"
అని కూడా ఉండొచ్చు.
ఇంజను మూత తీసి, నోట్లో స్పానరు కరిచి పట్టుకున్నవాడు
"వహించవలెను" వింటాడా?
పేరు రాయని ఉత్తరం ఎవరింటికి చేరుతుంది?

నాలుగున్నరకి రెండోసారి చదవాలి.
చదివింది, చివరి అంకె దాకా.
మీట మీంచి వేలు తియ్యలేదు.

"ఎర్మీలో,
లోపలి సముద్రానికి పారిపోకు.
ఈ గాలి నేల మీంచి వస్తోంది,
అల పెరగడానికి చోటు వెతుక్కుంటుంది.
ఆ చోటు దానికివ్వకు.
ఒడ్డుని రాసుకుంటూ రా,
ఇసుక కళ్ళల్లో పడేంత దగ్గరగా,
కుక్కల అరుపు వినపడేంత దగ్గరగా,
ఒక కాలు నేల మీదే ఉన్నట్టు.
ఇవాళ లోతుకి కాదు, దూరానికి భయపడు."

జవాబుగా పెనం మీద నూనె చిటపట.
కాసేపటికి ఎవరిదో బొంగురు గొంతు,
తూర్పున ఉన్న పడవ:
"ఎర్మీలో, ఒడ్డుని రాసుకుంటూ రమ్మంటోంది."
ఇంకా అవతల నుంచి ఇంకొకడు, అదే మాట,
కాస్త బూతు కలిపి.
ఒకరి చేతిలోంచి ఒకరికి
అలా వెళ్ళింది, గదిలోకి వినపడనంత దూరం.

కాగితం కన్నా మూడు గంటల ముందే గాలి వచ్చింది.
కిటికీ అద్దం పళ్ళు కొరికింది.
సముద్రం ఒడ్డు దగ్గర నున్నగా, దువ్విన తలలా,
దూరాన తెల్లగా, పిచ్చిగా.
ఒబ్దూలియా కాఫీ పోసుకుంది, తాగలేదు,
మళ్ళీ పోసుకుంది.

తొమ్మిదీ నలభైకి రేడియో తెరుచుకుంది.
మాట లేదు.
దగ్గుతూ ఒక ఇంజను.
దాని మీద గాలి, గుడ్డ చింపుతున్నట్టు.
వాటి వెనక, ఎక్కడో, సన్నగా,
కోపంగా
ఒక కుక్క.

ఆమె రిజిస్టరు తెరిచి టైము వేసింది.
పక్కన ఏం రాయాలో తోచక
గాలి వేగం రాసింది.