కొక్కెం

మినీ బైపాసులో పాతకార్ల షెడ్డు.
మధ్యాన్నం రెండు.
తడిగుడ్డ తుడిచిన చోటల్లా
తుడిచినట్టే ఆరిపోతా ఉండాది.

"ఏం బండి కావాల?" అన్నాడు దయాకరు,
మా కాళ్ల బురద చూసి,
ఆ పైన మా కుక్కల్ని చూసి.

ఎట్టా చెప్పాల?
కోతలైన మళ్లల్లో రాలిన గింజ వెంట
ఎనిమిదొందల బాతులు నడుస్తాయి.
వాటెనక మేం నడుస్తాం.
మా ఎనక మా ఇల్లు రావాల.
ఇల్లంటే,
ట్రాక్టరు ట్రక్కుని సగానికి కోయించి
పైన రేకులేయించి
లోన ఒక పొయ్యి, దోమతెర, గుడ్ల అట్టలు.
దానికి రెండు చక్రాలైతే ఉండాయి,
నడిచే బుద్ధే లేదు.
ఇందుకూరుపేట నించి విడవలూరుకి మార్చాలంటే
ట్రాక్టరోడు రెండువేలు అడుగుతాడు,
కుక్కల్ని మాత్రం ఎక్కనీడు.

ఎక్కనీకనే కదా
కోవూరు కాడ హైవే దాటతా
ఎర్రోడు పోయింది.
బాతులన్నీ ఈ పక్కకొచ్చినాయి.
ఆఖరి దాన్ని తోలతా వాడు ఆ పక్కనే.

వాడి మెడతాడు నా కొంగున తెచ్చినా.
ముసలి గున్నమ్మ ముందుకాళ్లు ఎంత ఎత్తుకి అందుతాయో
కొలిచి దానికి ముడేసినా.

మొదటిది తెల్లది. ఏసీ, పాటలు.
"డాక్టరు గారు ఆదివారం మాత్రమే తీసేవోరు."
అంకయ్య స్టార్టు చేసి విని
"దోమ మాదిరి పాడతాండాది, మడి గట్టెక్కితే ఏడుస్తది" అన్నాడు.

రెండోది నల్లద్దాలది, ఎలక్షన్లలో తిరిగిందంట.
డిక్కీ తెరిచి తాడు పట్టినా.
ముడి కింద, అంచు పైన,
మధ్య జానెడు.
నాయకులు ఎక్కే ఎత్తు అది,
గున్నమ్మ ఎక్కేది కాదు.

మూడోది మూల.
పదకొండేళ్ల బొలేరో, దుమ్ములో రంగేందో తెలీలా.
ఎనక సీట్లు యాడికి పోయినాయో ఎవురికీ తెలీదు.
"ఇదేం లాగలా అన్నా, సింగిల్ హ్యాండు" అన్నాడు దయాకరు,
మేం అడక్కముందే.

అంకయ్య ఎనక్కి పోయి కూర్చున్నాడు.
బంపరు కింద కొక్కెం.
రొంత వంగుండాది.
బండంతా తుప్పు,
అదొక్కటే మెట్టె మాదిరి మెరస్తా ఉండాది.
రాసుకొని రాసుకొని అరిగిన ఇనుము.
ఏం లాగిందో,
చెరుకురసం మిషనో, పెళ్లిళ్ల జనరేటరో,
రొయ్యల గుంటల కాడికి మేతమూటలో.
పైన మనిషి ఒకటి చెప్తాడు,
కింద కొక్కెం ఇంకోటి చెప్తది.

"ఇంత లాగినాక ఇంకేం మిగిలుంటదే?" అన్నాడు మా ఆయన.
"ఇంత లాగింది, మనింటిని లాగదా?" అన్నా నేను.
మన పెళ్లై ఇరవై ఆరేళ్లని
గుర్తు చేద్దామనుకొని
గమ్మునున్నా.

తాడు పట్టినా.
ముడికీ అంచుకీ రెండేళ్ల తేడా.
ఒక ఇటుక పెడితే సరి.

రెండో గేరు ఎగిరిపోతా ఉండాది.
ఎడం తలుపు లోపల్నించి తెరుచుకోదు.
బ్రేకు మాత్రం తొక్కినకాడే నిలబడతా ఉండాది.
నేను చూసుకుంది అదొక్కటే,
ఎనకాల ఇల్లొచ్చి మీదపడకుండా.

లక్షా డెబ్బై అన్నాడు.
లక్షా ముప్పై అన్నాం.
లక్షా నలబై కాడ
ఇద్దరూ టీ తెప్పించుకున్నారు.
గుడ్డు ఏడురూపాయలు,
నేను వేళ్లమీద లెక్కేసినా.
ఇరవై వేల గుడ్లు!
అన్ని గుడ్లు ఒక్కచోట
బాతులు కూడా చూసుండవు.

"ఆర్సీ చూపిస్తా, ముందు కుక్కని లేపండమ్మా" అన్నాడు దయాకరు.
చూస్తే ఏముంది,
బొలేరో కింద నీడలో
గున్నమ్మ కాళ్లు చాపుకొని
గురక పెడతా ఉండాది.
మచ్చోడు దాని పక్కనే, టైరుకి ఈపు ఆనించి.

"ఇంకా బేరం తెగలేదు కదమ్మా!"

ఆ మాట
దానికే చెప్పు నాయనా.