ఈగ జొరబడిన తెర

కడియం దాటి కాలవగట్టున వస్తుంటే
వరిచేల మధ్య తెల్లటి డేరా కనబడుద్ది.
సర్కసు అనుకునేరు.
లోపల కీరదోస.

రెండు తలుపులు. ఒకటి మూశాకే రెండోది తీయాలి.
మధ్యలో ఊదారంగు మందునీళ్లు, కాళ్లు ముంచి రావాలి.
అత్తారింట్లోకి కూడా ఇంత మడిగా అడుగెట్టలేదు నేను.

విత్తనం ఒక్కోటి ఏడు రూపాయలు.
లెక్కెట్టి ఇస్తాడు ఆసామి వీర్రాఘవులు,
లెక్కెట్టి పుచ్చుకుంటాం.
నాటేది మట్టిలో కాదు, కొబ్బరిపొట్టులో.
మన కోనసీమ కొబ్బరే,
ఎక్కడికో పోయి, ఉప్పు కడిగించుకుని,
సంచీల్లో కుక్కించుకుని తిరిగొచ్చింది.

రోజుకో జానెడు ఎగబాకుద్ది తీగ.
పురికొస చుట్టి పైకి పంపడం నా పని,
పిలకలు గిల్లడం గంగరత్నం పని.
పొద్దుగూకేసరికి వేళ్లకి పచ్చటి జిగురు.
ఎంత తోమినా
రాత్రి అన్నం ముద్దలో ఆ చేదు తగులుద్ది.

దీనికి మగపువ్వు అక్కర్లేదంటండి.
అన్నీ ఆడపువ్వులే.
ఈగ వాలకుండానే పిందె,
గింజ లేకుండానే కాయ.
అది విన్న రోజు గంగరత్నం
డ్రిప్పు పైపు పట్టుకుని కూలబడి నవ్వింది.
ఎందుకే అంటే చెప్పదు.

అట్లతద్ది ముందు గాలివాన.
తర్వాత పన్నెండు రోజులకి
నా వరసలో ఒక కాయ దొరికింది,
పైన సన్నం, కింద బాన.
గ్రేడింగు బల్ల మీంచి అవతలకి నెట్టారు.
వీర్రాఘవులు దాన్ని తిప్పితిప్పి చూసి
కాయని వదిలేసి కప్పు కేసి చూశాడు.
పడమటి మూల వలకి బెత్తెడు చిరుగు.
అవతల గట్టు మీద బుల్లబ్బాయి గారి నాటు కీరపాదు,
పసుప్పచ్చగా, ఏమీ ఎరగనట్టు.

పారేసిన కాయ నా కొంగులో ఇంటికొచ్చింది.
కోస్తే గింజలు!
అరవై మూడు.
ఏడేసి చొప్పున నాలుగొందల నలభై ఒకటి,
నా కూలి కంటే ఎక్కువే.
బూడిదలో పొర్లించి
దొడ్డిగోడకి పిడకలా కొట్టాను,
మా మామ్మ కొట్టినట్టు.

"మొలిచినా తల్లిలా కాయవు,
దేని దారి దానిదే" అన్నాడు ఆసామి.
కాయకపోతే మానె.
నా పిల్లలు నాలా ఉన్నారేటి?

చిరుగు కుట్టమని సూదీ, నైలాను దారం నాకే ఇచ్చారు.
నిచ్చెన గంగరత్నం పట్టుకుంది.
కుట్టాను.
చివర రెండు కుట్లు
కొంచెం దూరం దూరంగా పడ్డాయి.