పగిలిన బండల లెక్క

బోర్డు మీద చోటు చాలక
నేల మీదికి దిగినాం.
ఎర్రగుంట్ల గనుల్లో పుట్టిన నల్లబండే
మా ఏడో తరగతి గచ్చు.
సుద్దముక్కతో గీస్తే
పలక కంటే బాగా పలుకుతుంది.

నలుగురికో బండ.
"ఒకరు చెప్తే ముగ్గురు ఊ కొట్టడం కాదు,
ఎట్లొచ్చిందో అడగండి" అన్నాను.
అని, కిటికీ దగ్గర నిలబడి
రోడ్డు మీద రాళ్ళ లారీని చూస్తున్నట్టు నటించినాను.
ఇరవై రెండేండ్ల నౌకరీలో
నాకు చేతగాని పని ఇదొక్కటే,
నోరు మూసుకోవడం.

లెక్క చిన్నదే.
పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు గది.
రెండడుగులకు ఒకటిన్నర బండ.
ఎన్ని కావాలి?

మూల గుంపులో
కుళ్ళాయప్ప గబగబా గుణించి
నూట ఎనిమిది దగ్గర నిలబడినాడు.
రెహానా ఒకటిన్నర దగ్గర ఇరుక్కుంది.
"అర వస్తే నాకు భయం మే."
చౌడేశ్వరి లేచి
అడుగులో అడుగేస్తూ బండ చుట్టూ నడిచింది.
"ఒకటిన్నర రెండుసార్లేస్తే మూడు గదా,
దాంట్లో భయమేముండాది?"

ముప్పై ఆరు!
కుళ్ళాయప్ప చెయ్యెత్తబోతే
చొక్కా పట్టి కూర్చోబెట్టింది.
"చాలవు."
"ఏందిమే చాలనిది? సూడు, అతికినట్టు సరిపోతాది."
"మా నాయనైతే నలభై చెప్తాడు.
లారీలో ఒకటి పోతాది.
దించేటప్పుడొకటి.
గడప కాడ కోస్తాంటే ఒకటి.
ఇంగొకటి ఎందుకు పోతాదో దానికే ఎరుక."

పుస్తకం వెనక పేజీలో ముప్పై ఆరే ఉంది.
నలుగురూ నా దిక్కు చూసినారని
వీపుకు తెలిసింది.
లారీ ఎప్పుడో పోయింది.
నేను ఉత్త రోడ్డునే చూస్తున్నాను.

జూన్ నుంచి హాజరు పలకడానికి తప్ప
నోరు తెరవని యేసురత్నం
గచ్చు పగులు వెంబడే సుద్దగీత గీస్తా
తల ఎత్తకుండా అడిగినాడు:
"పగిలిన నాలుగింటి దుడ్లు
ఎవరి కూలిలో పట్టుకుంటారు?"

కుళ్ళాయప్ప సుద్ద కింద పెట్టినాడు.
పాలిష్ మిషన్లు రెహానా వాళ్ళవి.
ఆ మిషన్ల కాడ నీళ్ళు కొట్టేది
యేసురత్నం వాళ్ళమ్మ.
ఈ రెండు సంగతులూ
నలుగురికీ ముందే తెలుసు.
ఏ లెక్కలోనూ ఎవరూ రాయలేదు, అంతే.

చానాసేపు
పక్క గుంపుల గోల మాత్రం వినబడింది.
తర్వాత సుద్ద గీసిన చప్పుడు.
బండ అరవై రూపాయలు.
నాలుగు బండలు రెండొందల నలభై.
అర అంటే భయమన్న పిల్ల
ఆ రెండొందల నలభై నడుమ
నిలువుగా ఒక గీత గీసింది.
"సగం మా నాయన పెట్టుకుంటే?"
"సగమెందుకు?" అన్నాడు యేసురత్నం.
ఎట్లొచ్చిందో అడగమన్నది నేనే కదా.

గంట కొట్టినారు.
ఎవరూ లేవలేదని చెప్పను,
కుళ్ళాయప్ప అన్నం గిన్నె పట్టుకుని ఉరికినాడు.
మిగిలిన ముగ్గురూ వంగే ఉన్నారు.

సాయంత్రం బకెట్టుతో వచ్చిన ఆయా పీరమ్మ
మూల బండ కాడ ఆగి
కొంగు దోపుకుని, అంకెలన్నీ కూడబలుక్కుని చదివింది.
"ఇది తుడిచేదా సారూ?"
"ఉండనీ."
"ఉండనిస్తా గానీ,
నలభై కాదు, నలభై రెండు అని రాపియ్యి.
మా ఇంటికి అట్లే అయినాయి."