బేచిరాకు

ఆనేకల్ తాలూకా ఆఫీసులో
చెదలు తినగా మిగిలిన రిజిస్టరు.
ఊరి పేరు హొసబండె.
ఊళ్ళో ఎవరూ అలా అనరు, మాకది కొత్తబండే.
విస్తీర్ణం నూట పన్నెండు ఎకరాలు,
అందులో తొంభై రాయి.
ఇళ్ళు, గీత. మగవాళ్ళు, గీత. ఆడవాళ్ళు, గీత.
చివరి గడిలో వాలుగా, కన్నడంలో ఒక్క మాట:
బేచిరాకు.

"చిరాగంటే దీపం మేడం. బే అంటే లేనిది.
దీపం పెట్టే మనిషి లేని ఊరన్నమాట."
గుమాస్తా టీ గ్లాసు ఆ పేజీ మీదే పెట్టాడు.
గీతల చుట్టూ గుండ్రంగా ఒక సున్నా పడింది.

మా అమ్మ పుట్టింది ఆ ఏడాదే.

చిన్నోబక్కకు పళ్ళు లేవు, తేదీలు లేవు.
కరువులతో లెక్కపెడుతుంది, కట్టలతో లెక్కపెడుతుంది.
మునితాత పెనుకొండ దాటి వచ్చింది ధాతు కరువులో,
గాడిదల మీద ఉలులూ సమ్మెటలూ,
వెనకే నడుస్తూ ఇంకా పుట్టని ఒక బిడ్డ.
ఏడు గుడిసెలు.
ప్లేగొచ్చి మూడు చేసింది.
దండులో దొరల బంగళాలకు మెట్లు కావాలంటే
మళ్ళీ ఇరవై అయ్యాయి.
"బెంగుళూరులో యాడ కూసున్నా
మా తాత మీదే కూసుంటావు" అని నవ్వుతుంది,
నేను కూర్చున్న చప్టా తట్టి.

మరి ఆ ఏడు?

"ఆ ఏడు కట్ట పని. ఊరంతా లారీ ఎక్కినాము.
కుక్కల్ని కూడా ఎక్కించినాము.
ఆడికీ వొచ్చినారు లెక్కలోళ్ళు.
మేస్త్రీ మా పేర్లు అడగనీలేదు.
రాయి కొట్టేవాళ్ళు, రెండు లారీలు,
అని రాయించినాడు."

ఆ రెండు లారీల్లో ఎక్కడో
నెలలు నిండిన మా అమ్మమ్మ.

"అట్లని ఊర్లో ఎవరూ లేరనుకోబాకు" అంది కాసేపాగి.
గుర్రమ్మవ్వ ఉండిపోయిందట.
రాతిచెక్కులు ఎగిరి రెండు కళ్ళూ పోయిన మనిషి,
లారీ ఎక్కనని మొండికేసింది.
ఒక రాగుల మూట,
పక్కూరి గొర్రెలకాపరి తెచ్చిపెట్టే కడివెడు నీళ్ళు.
లెక్కలాయన సైకిలు దిగలేదు.
ఎండలో బండ ఎక్కబుద్ధి కాక దారిలోంచే అరిచాడు:
ఎవరైనా ఉన్నారా?
ఆమె గుడిసెలోంచే బదులిచ్చింది:
ఎవరూ లేరు నాయనా, అందరూ కట్టకాడికి పోయినారు.

ఆయన గీతలు గీసుకుని వెళ్ళాడు.
దీపం లేని మాట నిజమే.
ఆమెకు దీపంతో ఏం పని.

ఇప్పుడు క్వారీ గుంత నిండా నీళ్ళు,
దాని ఒడ్డున లేక్ వ్యూ అని మూడు టవర్లు.
రాత్రిళ్ళు ఆ వెలుగెంతంటే
బల్బు వేయకుండానే చిన్నోబక్క
వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంది.
కాలనీలో నలభై మూడు ఇళ్ళు, నూట తొంభై ఆరు మంది,
వాళ్ళలో రాయి కొట్టేవాళ్ళు ఇద్దరు,
ఇద్దరికీ దగ్గు.
మాతృభాష గడిలో
తెలుగు అని కన్నడంలో రాశాను.

టవర్లలో నా వంతు ఈ మధ్యాహ్నం.
పదకొండో అంతస్తు. గంట కొడితే
తలుపు బెత్తెడు తెరుచుకుంది, సందులో తడిగుడ్డ పట్టుకున్న చెయ్యి.
మా కాలనీ పిల్ల కాదు, మదనపల్లె వైపు యాస.
"ఎవరూ లేరక్కా."

అక్కడే నిలబడిపోయాను.

"నువ్వున్నావు కదా. పేరు చెప్పు."
"నన్నా? నేను ఈ ఇంటి మనిషిని కాదే."
"రాత్రి ఎక్కడ పడుకుంటావు?"
వంటింటి వెనక, గ్యాసు సిలిండరు పక్కన
చుట్టిపెట్టిన చాప చూపించింది.

ఈసారి కాగితం లేదు, అంతా ఫోనులోనే.
గీత గీయడానికి వీల్లేదు,
పేరు పడందే తర్వాతి పేజీ తెరుచుకోదు.
ఆమె గుడ్డ పిండుతూ ఆలోచిస్తోంది,
ఏ పేరు చెప్పాలా అని.